ఊదా వేళ్లు

యాదవ్వ శవం ఇంకా మంచం మీదే ఉంది. హెల్త్ ఆఫీసర్ రాజేశ్వర్ రావు ఆమె కేసు షీటు చదివి, నేను ‘కలరా’ అని రాసిన ఆ కాగితాన్ని నా ముందే చింపాడు.

“విరేచనాలు అని రాయండి సిస్టర్. వరంగల్‌లో కలరా లేదు.”

ఆ ఒక్క మాట రాస్తే కొత్తవాడ నల్లాలు బంద్ చెయ్యాలి. ట్యాంకర్లతో మంచినీళ్లు పంపాలి. మురికి కాల్వలో మునిగిన ఆ నల్లా పైపు ఎవడు వేశాడో అడగాలి. పైపు వేసిన కాంట్రాక్టరూ, ఈ ఆఫీసరూ ఒకే జీపులో తిరుగుతారు. ఎమర్జెన్సీ పోయి రెండేళ్లయినా, పేదల చావుకు పేరు పెట్టే హక్కు ఇంకా వీళ్ల చేతుల్లోనే ఉంది.

యాదవ్వ ఎవరో చెప్పాలి. కొత్తవాడలో జంపఖానాలు నేసే వెంకటరాజం భార్య. మా దవాఖానలో ఆయా, తొమ్మిదేళ్లుగా టెంపరరీ. కలరా వార్డులో ప్రతి మంచానికీ నడిమధ్య రంధ్రం, దాని కింద బకెట్ ఉంటాయి. రోగి ఒంట్లోంచి ఎంత నీరు పోతే అంత సెలైన్ ఎక్కించాలి. యాదవ్వ బకెట్‌లో పుల్ల ముంచి చూసి, దూరం నుంచే వేళ్లు చూపేది. మూడు వేళ్లంటే మూడు సీసాలు. వార్డుబాయ్ కట్టయ్య మోసుకొచ్చేవాడు, నేను ఎక్కించేదాన్ని. ఆమె లెక్క ఒక్కసారీ తప్పలేదు.

రోగులు రావడం మొదలైన నాలుగో రోజు సెలైన్ అయిపోయింది. నేను తల పట్టుకుని కూచున్నాను.

“ఫికర్ జెయ్యకు సిస్టరమ్మా. ఉప్పేసి గంజి తాపుదాం. నూలుకు పట్టిచ్చే గంజి మా వాడల ఇంటింటికి కాగుతనే ఉంటది,” అంది యాదవ్వ.

సాయంత్రానికి కొత్తవాడ నుంచి కుండలు వచ్చాయి. మగ్గాలు ఆపి, వంతులేసుకుని మోశారు. వార్డంతా చెంచాలతో తాగించాం. రెండు రోజులకు చాలామంది లేచి కూచుంటే, కట్టయ్య వరండాలో చిందేశాడు. అంత నవ్వు మళ్లీ నవ్వలేదు మేము.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. రోగుల నీళ్లన్నీ మరగబెట్టించాను. నర్సుల గదిలో ఫిల్టరుంది. ఆయాలు మాత్రం వెనక వరండాలో తమ కుండలోనే తాగాలి, మా ఫిల్టరు ముట్టుకోకూడదు. నేను వచ్చేనాటికే ఉన్న పద్ధతి అది. నేనూ నోరెత్తలేదు. ఆ కుండలోవి నల్లా నీళ్లే. వార్డంతటికీ నీళ్లు కాచినవాళ్లం, ఆ కుండ వైపు ఒక్కరమూ చూడలేదు.

తొమ్మిదో రోజు యాదవ్వ పడిపోయింది. పొద్దుటినుంచీ దాచుకుని పనిచేసిందట. ఆ రోజే సెలైన్ కొంచెం వచ్చింది. సూదికి ఆమె నరం దొరకలేదు. వెతుకుతుంటే చెయ్యి విడిపించుకుని పక్క మంచం మీది బాలింత వైపు తిప్పి, నాలుగు వేళ్లు చూపింది. ఆ నాలుగు సీసాలూ ఎక్కిన బాలింత బతికింది.

చింపిన కాగితం ముక్కలు కాళ్ల దగ్గర పడి ఉన్నాయి. ఆఫీసరు గదిలోకి పోయాడు. నేను కొత్త షీటు తీసి, కలం అందుకున్నాను.

“జర ఆగు సిస్టరమ్మా,” అంది ఆయా మొగిలమ్మ. “నువ్వొక్కదానివే రాస్తే నిన్నొక్కదాన్నే తీసేస్తరు. అందరం రాద్దాం.”

“నౌకరి పోతదే. పిల్లలున్నరు,” అన్నాడు కట్టయ్య.

“యాదక్కకు లేరా?”

కట్టయ్య లోపలికి పోయి పుండ్లకు రాసే ఊదా మందు సీసా తెచ్చాడు. “మాకు రాత రాదు. రాసుడు నీది, ఏలు మాది,” అని మొదటి బొటనవేలు తనే ముంచాడు. నేను ‘కలరా’ అని రాశాను. దాని కింద ఆయాలు, స్వీపర్లు, నర్సులు వరసగా వేలిముద్రలు వేశారు. యాదవ్వ షీటుతో ఆగలేదు, వార్డులోని ప్రతి షీటు మీదా వేశారు.

మర్నాడు పొద్దున్నే పోలీసులు నన్ను జీపెక్కించారు. పుకార్లు పుట్టించానని కేసు. మిగతావాళ్లు యాదవ్వ శవంతో కొత్తవాడలో ఉన్నారు. ఊదా మందు వారం దాకా పోదు, వేళ్లు చూసి పట్టుకుందామని జీపును అటు తిప్పారు.

“బొటనవేళ్లు చూపండి!” ఎస్సై అరిచాడు.

ముందు వెంకటరాజం లేచాడు. భార్య తల దగ్గరి నుంచి లేచి చెయ్యి చాపాడు. వేలు కణుపు దాకా ఊదా. వాకిట్లో నూలుకు రంగద్దే గంగాళంలో ఊదా రంగు ఇంకా పొగలు కక్కుతోంది. అతని వెనక మగ్గాల వాళ్లు, గంజి మోసిన ఆడవాళ్లు, మొన్న మంచం దిగిన రోగులు, అందరి బొటనవేళ్లూ ఊదానే.

“ముందు నల్లాలు బంద్ జెయ్యిండ్రి,” అన్నాడు వెంకటరాజం. “అటెన్క మమ్ముల తీస్కపోండ్రి.”

జీపులో పట్టేది ఆరుగురు. వాడ వాడంతా చేతులెత్తి నిలబడింది, యాదవ్వలాగే దూరం నుంచి నాకు వేళ్లు చూపిస్తూ. ఈసారి నాకు లెక్క అందలేదు. జీపు చువ్వ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరూ చెయ్యి దించలేదు.