ముందు మడమ

పెళ్ళయి నలభై రోజులే అయింది కాబట్టి సరిపోయింది గానీ, ఇంకో ఏడాది గడిచి ఉంటే సౌజన్య ఆ ఉదయం తన మొగుణ్ణి చేపల చెరువులోకి తోసేసేదే.

"ఏవండీ, నడవమన్నాను. కవాతు చెయ్యమన్లేదు!"

"నడుస్తూనే ఉన్నాగా!" అన్నాడు కృష్ణబాబు, కుడి కాలూ కుడి చెయ్యీ ఒకేసారి ముందుకు వేస్తూ.

కొల్లేటికోటలో పుట్టి, తవుడు బస్తా నెత్తిన పెట్టుకుని ఏ గట్టు మీదైనా చకచకా పోయే మనిషి. ఎదురుగా ఫోను కెమెరా పెట్టేసరికి కాళ్ళెలా పనిచేస్తాయో మర్చిపోయాడు. దానికి ముందు, వీడియో అన్నారని పెళ్ళి బూట్లు వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. అవి విప్పించడానికే పావుగంట పట్టింది.

సౌజన్యది తాడేపల్లిగూడెం. ఫిజియోథెరపీ చదివింది. ఏలూరులో ఒక క్లినిక్‌లో ఉద్యోగం ఖాళీ ఉంది. ఉద్యోగం ఒకటే, అడుగుతున్నవాళ్ళు ముగ్గురు. క్లినిక్ నడిపే డాక్టర్ స్టెల్లాగారు ముగ్గురికీ ఒకే పరీక్ష పెట్టారు. ఏ జబ్బూ లేని మనిషి నడుస్తుంటే పక్కనుంచి వీడియో తీసి, ఆ నడకను వివరిస్తూ మధ్యాహ్నం రెండింటికల్లా పంపాలి. అప్పుడే పదకొండయింది.

కీళ్ళ కదలిక తెలియాలంటే వాటి మీద గుర్తులుండాలి. కాలేజీలో మెరిసే బిళ్ళలుండేవి. ఇక్కడ అత్తగారు ముత్యాలమ్మ పెట్టుకునే బొట్టు స్టిక్కర్లున్నాయి, పెద్దవి, ఎర్రవి. తుంటికొకటి, మోకాలికొకటి, చీలమండకొకటి, మడమకొకటి, కాలి బొటనవేలి మొదట్లో ఒకటి. నిక్కరు వేసుకుని ఐదు బొట్లతో నిలబడ్డ మొగుణ్ణి చూసి ఆమెకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేం. ఆ ముద్దు మూడో అడుగు దాకానే ఉంది.

"నుదుటన పెట్టుకునేవి మోకాలికి అంటించావేంటమ్మా!" అంది ముత్యాలమ్మ, కోడలిచ్చిన ఫోను రెండు చేతులా పట్టుకుని. "చూసినోళ్ళు మావోడికేదో మొక్కుందనుకుంటారు."

"మీరు ఫోను కదపకండి అత్తయ్యగారూ. ఎర్ర బటన్ నొక్కి, ఆ బొట్లనే చూస్తూ ఉండండి."

ఏడోసారి తీసింది చూసుకుంటే సౌజన్యకు తల తిరిగింది. చేతులైతే దారికొచ్చాయి, పాదాలు రాలేదు. చదునైన సిమెంటు వాకిట్లో కూడా వేళ్ళే ముందు పెడుతున్నాడు.

"ముందు మడమండీ! మడమ తగిలాక పాదం మొత్తం ఆనాలి. దాని మీదుగా ఒళ్ళు ముందుకు పోవాలి. చివర్లో బొటనవేలు నేలని వెనక్కి తన్నాలి. నడకంటే అంతే. అడుగడుక్కీ పడబోతుంటాం, రెండో కాలొచ్చి పట్టుకుంటుంది."

"ఇంత పనుందని తెలిస్తే చిన్నప్పుడు పాకుతూనే ఉండిపోయేవాణ్ణి."

"కృష్ణబాబుగారూ!" కోపమొస్తే పేరు పెట్టి, చివర గారు తగిలించి పిలవడం ఆమెకు అలవాటు.

ఈసారి మడమలతో సిమెంటు పగలగొట్టేలా నడిచాడు. ఒంటిగంట దాటింది. "మేత వేళయింది, ఇప్పుడే వస్తా," అంటూ తవుడు బస్తా నెత్తికెత్తుకుని, బొట్లతోనే ఇంటి ముందున్న చెరువు గట్టెక్కేశాడు.

"రెండింటికి పంపాలండీ! నా ఉద్యోగం కన్నా చేపలెక్కువా?" అంటూ సౌజన్య వెంటబడింది. తెల్లవారుజామున పడ్డ వానకి గట్టు సబ్బుబిళ్ళలా ఉంది. చదువుకున్న పిల్ల, చక్కగా మడమ ముందు పెట్టి నడిచింది. ఎనిమిదో అడుగుకి మడమ ముందుకు, తల వెనక్కి, మనిషి నడుంలోతు నీళ్ళలోకి!

కృష్ణబాబు బస్తా దింపి పరుగున వచ్చి చెయ్యందించాడు. "దెబ్బ తగిలిందా? గట్టు మీద మడమ ముందు పెడితే ఎక్కడ తేలతావో తెలిసిందా?"

"మాట్లాడకండి," అంది సౌజన్య, జడలోంచి నాచు లాగేసుకుంటూ.

వాకిట్లో ముత్యాలమ్మ అలాగే నిలబడి ఉంది. "బొట్లనే చూడమన్నావుగా. తీస్తూనే ఉన్నా."

తడి చెయ్యి తుడుచుకుని సౌజన్య వీడియో చూసింది. పక్కనుంచి, తల నుంచి పాదం దాకా, కదలకుండా వచ్చింది. కృష్ణబాబువి చిన్న అడుగులు. మోకాలు కొద్దిగా వంగే ఉంది. ముందు కాలు వేళ్ళతో బురదను తడిమి చూసుకుని, అది నిలిచాకే బరువు దాని మీదకి మారుతోంది. నెత్తిన బస్తా బెత్తెడు కూడా ఊగలేదు. ఎంత బాగా నడుస్తున్నాడో! కానీ పుస్తకంలోని నడక ఇది కాదు. ఆ నడక వెనకాలే వస్తోంది, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, అరుచుకుంటూ.

ఒంటిగంటన్నర. మళ్ళీ తీసే వ్యవధి లేదు. వాకిట్లో తీసిన దొంగ నడక పంపాలి, లేదా తను నీళ్ళలో పడ్డ ఈ నడక. పళ్ళు కొరుక్కుంటూ టైపు చేసింది.

"ఈయనకు ఏ జబ్బూ లేదు. జారే నేల మీద మడమ అంచొక్కటే ఆనితే కాలు ముందుకు జారిపోతుంది. అందుకే ముందు వేళ్ళు ఆనిస్తున్నారు. వెనకున్నావిడ నడక పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఆవిడ ఎనిమిదో అడుగు చూడగలరు."

రెండింటికి ఎనిమిది నిమిషాలున్నాయనగా పంపేసి, అప్పుడు వెళ్ళి స్నానం చేసింది.

నాలుగింటికి ఫోను మోగింది. "ఆ పడినావిడ ఎవరమ్మా?" అన్నారు స్టెల్లాగారు.

"నేనేనండీ."

అవతల కాసేపు నవ్వు తప్ప ఏమీ వినబడలేదు. "మా దగ్గరికొచ్చే మోకాళ్ళ నొప్పులవాళ్ళలో సగం మంది చెరువుల మీద పనిచేసేవాళ్ళే. వాళ్ళ నడక చూసేవాళ్ళే కావాలి నాకు. సోమవారం వచ్చి చేరండి. బస్సు మెల్లగా దిగండి."

ఎండ తగ్గాక కృష్ణబాబు పెళ్ళాం చెయ్యి పట్టుకుని గట్టు మీద నడక నేర్పిస్తున్నాడు. "ముందు వేళ్ళన్నానా! మళ్ళీ మడమే! ఎన్నిసార్లు చెప్పాలండీ సౌజన్యగారూ?"

ఆమె గుర్రుగా చూసి, వేళ్ళతో బురదను తడిమి, అడుగు వేసింది. నిలిచింది. మరో అడుగు.

వాకిట్లోంచి ముత్యాలమ్మ కేకేసింది. "అమ్మాయ్, నా బొట్టు పేకెట్టు ఖాళీ చేసేశావు! వాడి మోకాలి మీదది ఊడకుండా ఉంటే ఇలా పట్రా."