తారు అంటని రాయి

ఆ ఉదయం ఆకాశం మబ్బేసుకుని కూర్చుంది. కురవనూ లేదు, తెరిపీ ఇవ్వలేదు.

అక్క వంటింటి గట్టు మీద పాత గిన్నె మూతపెట్టి ఉంది. అందులో తారు పట్టించిన కంకర నిన్నటి నుంచి నానుతోంది. నీళ్లు చల్లారినప్పుడల్లా అక్కే వేడిచేసింది. నీళ్లలో తారు వదిలేసే రాయి రోడ్డుకు పనికిరాదు. రోడ్డు పనిలో కంకర పరీక్షలు చూసేది నేను. కొండ కింద రాయిని కంకర కొట్టే క్రషర్ మా బావది. ల్యాబులో తన రాయి ఒకసారి తారు వదిలేసిందంటే నమ్మక, పట్టు కోసం సున్నం కలిపి తన కళ్ల ముందే మళ్లీ చూడమన్నాడు. ఊరి రోడ్డుకు ఊరి రాయి పడకపోతే క్రషర్ మూతే. పొద్దున్నే దాన్ని ఆపించి వచ్చి కూర్చున్నాడు.

"నా గిన్నె ఇంక కుక్క కూడా ముట్టదు," అంది అక్క.

"రోడ్డు పడ్డాక దాని మీదే వెళ్లి కొత్తది కొనుక్కుందువులే. తియ్యరా బావమరిదీ, మూత తియ్యడానికి కూడా పై ఆఫీసు నుంచి ఆర్డరు రావాలా?"

తీశాను. నీళ్ల మీద నల్లటి తెట్టు. అడుగున రాళ్లు తోమిన పళ్లలా తెల్లగా ఉన్నాయి.

బావ ఒకదాన్ని తీసి బొటనవేలితో రుద్దాడు. మిగిలిన కాస్త తారూ ఊడొచ్చింది.

"ఇంకోసారి చూద్దామా?"

"ఎన్నిసార్లు చూసినా ఇంతే బావా. వానలు పడితే కంకర లేచిపోతుంది."

"కొండ పైపొరలో నల్లరాయి ఉండేదిరా. తారు కరుచుకుని పట్టేది."

"ఉండేది."

"అడిగినోడికల్లా ఇచ్చేశాను. పునాదులకి, గోడలకి, ఆఖరికి గొడ్ల కొట్టాలకి కూడా. కొండ ఎక్కడికి పోతుందిలే అనుకున్నా."

అక్క కాళ్ల కింది బండ వైపు చూసింది. ఈ ఇంటి నేలా ఆ నల్లరాయే. పట్టుబట్టి పరిపించింది తనే.

"పనికిరాదని రాసేస్తావా?"

"రాయాలి బావా."

"రాయి. నా రాయి గురించి నువ్వే రాయి."

తన మాటకు తనకే నవ్వొచ్చిందేమో, పెదవి కదిలింది. నవ్వు మాత్రం రాలేదు.

అక్క తెట్టు నీళ్లు వంపేసి, గిన్నెను రాళ్లతోనే గుమ్మం పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని కంచాలు తెచ్చింది. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. రాయి చల్లగా తగిలింది. బావ అరచేత్తో దాన్ని ఒకసారి నిమిరి, కంచం దగ్గరకు లాక్కున్నాడు. బయట చినుకు మొదలైంది. క్రషర్ మోత లేక, మేం నమిలే చప్పుడు కూడా వినబడుతోంది. అక్క మారు వడ్డించబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. తినడం ముగించాం.