మూత తీసినవాళ్ళదే గరిటె

నఫీసాకు చెర్రీ పూల మీద మనసు పడి మూడేళ్ళు దాటింది. గిరావీన్‌లోని వాళ్ళింటికి ఆ చెట్లున్న జపనీస్ తోట ఎంతో దూరం కూడా కాదు. ఏటా ఆగస్టులో, అక్కడ చలికాలం ముగిసే వేళ, చెట్లు పూస్తాయి, పట్టుమని పది రోజులు నిలవవు. ఏటా వాళ్ళు వెళ్తూనే ఉన్నారు. అయినా ఆవిడ ఒక్క పువ్వునైనా దగ్గరగా చూసిన పాపాన పోలేదు!

కారణం బిర్యానీ. మొగుడు సాబిర్‌ది నరసరావుపేట. చేతులూపుకుంటూ బయటికి వెళ్ళడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. పోనీ తమ మటుకు తెచ్చుకుంటారా అంటే, ఆఫీసులోనూ మసీదులోనూ కనిపించినవాళ్ళనల్లా ఆదివారం రమ్మని పిలిచి కూర్చుంటాడు. పైగా వాళ్ళమ్మ పెట్టిన నియమమొకటి: డేక్షా మూత ఎవరు తీస్తే వాళ్ళే గరిటె పట్టాలి, ఆఖరి మనిషి తినేదాకా దింపకూడదు. చేయి మారితే బర్కత్ పోయి, వండింది చాలదట. ఆ మూత తీసే భాగ్యం ఎప్పుడూ నఫీసాదే. తోట బయట పచ్చిక మీద ఆవిడ వడ్డిస్తుంటే జనం తిని, పూలు చూసొచ్చి, మళ్ళీ తినేవారు. సాబిర్ తన ఫోన్‌లో ఫొటోలు చూపించి, "అచ్చం ఇట్టాగే ఉన్నాయి. వచ్చే ఏడు చూద్దువులే," అనేవాడు. ఆ మాటకు ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

ఈసారి బ్రెడ్డూ పళ్ళూ చాలని ముందే చెప్పింది. కానీ అప్పటికే పిలుపులైపోయాయి మరి. చేసేది లేక తిట్టుకుంటూ వండింది. పూలకిదే ఆఖరి ఆదివారం. మధ్యాహ్నం వాన కూడా ఉందని కూతురు నిదా ఫోన్ చూసి చెప్పింది.

పచ్చిక మీద చాప పరిచాక నఫీసా డేక్షా జోలికే పోలేదు. ప్లేట్లు తుడుస్తూ కూర్చుంది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. పొద్దున్నుంచీ ఆ వాసన పీలుస్తున్న సాబిర్ ఎంతసేపని ఆగుతాడు? దమ్ సరిగ్గా పడిందో లేదో చూస్తానంటూ మూత ఎత్తాడు.

ఆయన చేతిలో గరిటె పెట్టడానికి ఆవిడకు రెప్పపాటు పట్టలేదు.

"మూత మీరే తీశారండీ."

"ఊరికే చూశానే."

"అత్తమ్మ మాట కాదంటారా?"

అప్పటికే ఆఫీసు భార్గవ్, వాళ్ళావిడ నీరజ ప్లేట్లతో నిలబడ్డారు. వాళ్ళ వెనక మసీదు వాళ్ళు. "నాన్నా, యూ గాట్ ప్లేయ్డ్! అమ్మ బుట్టలో పడ్డావ్," అని నిదా పడీ పడీ నవ్వింది.

నఫీసా తోటలోకి వెళ్ళి ఎర్ర వంతెన దాటింది. చెరువు గట్టున చెట్లకు ఆకన్నది లేదు, కొమ్మ కొమ్మంతా పువ్వే. గాలి వీచినప్పుడల్లా రేకులు నీళ్ళ మీదా బాతుల మీదా ఆవిడ మీదా రాలాయి. ఒకే ఒక్క ఫొటో తీసుకుంది. తర్వాత ఫోన్ సంచిలో పడేసి, ఎవరికీ ఏమీ వడ్డించకుండా ఊరికే నిలబడింది. ఎంత సంతోషమేసిందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛీ, పూలకే ఏడుస్తానా అని తనను తానే కసురుకుంది.

చినుకులు మొదలయ్యాకే వెనక్కి వచ్చింది. జనం కార్ల వైపు పరుగెడుతున్నారు. సాబిర్ ఒక్కడూ గొడుగు కింద కూర్చుని, ఆఖరి మనిషిగా తన ప్లేట్లోకి డేక్షా అడుగు గోక్కుంటున్నాడు. తోట గేటు అప్పటికే మూసేస్తున్నారు.

"ఎట్టా ఉన్నాయే?" అని అడిగాడు.

నఫీసా ఫోన్ తీసి చూపించింది. "అచ్చం ఇట్టాగే ఉన్నాయి. వచ్చే ఏడు చూద్దురులెండి."

సాబిర్ ఆ ఫొటో చూశాడు. ఆవిడ చున్నీకి అంటుకున్న రేకుల్ని ఇంకా ఎక్కువసేపు చూశాడు. తర్వాత గరిటె డేక్షాలో పడేశాడు.

"వచ్చే ఏడు బ్రెడ్డు చాల్లే," అన్నాడు.