సీసాలో వెండి రేకులు

“ఇంట్లో సీసం ఏమైనా ఉందా?” పిల్లల డాక్టరమ్మ కాగితం మీంచి తల ఎత్తకుండా మళ్లీ అడిగింది.

పళ్లాసుపత్రిలో పనిచేసే ఆయమ్మ మనవరాలిని ఒళ్లో సర్దుకుంది. పిల్ల కడుపు పట్టుకుని మూలుగుతోంది.

“సీసాలైతే ఉన్నాయమ్మా. నూనెదొకటి, మందుదొకటి. గాజువి కదా, పిల్లకి అందనివ్వం.”

“సీసా కాదు పెద్దమ్మా, సీసం. మెత్తగా ఉంటుంది, వెండిలా మెరుస్తుంది, వేలితో వంచితే వంగిపోతుంది. పిల్ల నెత్తుట్లో అదే ఉంది.”

పిల్ల వీపు నిమురుతున్న ఆయమ్మ చెయ్యి ఆగిపోయింది.

పళ్ల డాక్టరు దగ్గర ఆమె పని ఊడవడం, తుడవడం, చెత్త విడదీయడం. నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి, సూదులు గట్టి డబ్బాలోకి. వాటిని తీసుకుపోయే బండి వేరే ఉంది. పన్నుకు ఫోటో తీసే ఫిల్ము పొట్లం విప్పినప్పుడు మాత్రం లోపలి నుంచి తళతళలాడే సన్నటి రేకొకటి వచ్చేది. అదెందులో వెయ్యాలని పనిలో చేరిన కొత్తలో అడిగింది. డాక్టరు చేతులు రోగి నోట్లో ఉన్నాయి, మూతికి మాస్కు. “సీసం అది, విడిగా పెట్టు” అన్నాడు. “సీసాలో విడిగా పెట్టు” అని ఈమె విన్నది. వినడమే కాదు, తు.చ. తప్పకుండా చేసింది కూడా. ఖాళీ మందు సీసా ఒకటి కడిగి, ఎండబెట్టి, ఒక్కో రేకూ కొంగుతో తుడిచి మరీ అందులో వేసింది. సీసాలో పెట్టి దాచమన్నారంటే మంచి వస్తువే అయి ఉంటుందనుకుంది.

సీసా నిండింది. “దీన్నేం చెయ్యమంటారు బాబూ?” అంది.

బండివాళ్లు దానికి వేరే రేటు చెప్పారు. డాక్టరుకు చిరాకేసింది. “ఏదో ఒకటి చెయ్యి ఆయమ్మా, నా ప్రాణం తియ్యకు” అన్నాడు.

పారెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. ఇంట్లో మనవరాలుంది మరి. నోరు మూతపడదని వీధంతా చిలకమ్మ అని పిలిచే పిల్ల. “అమ్మమ్మా, వెండి తెచ్చావా?” అంటూ వీధి మలుపు దాకా ఎదురొచ్చేది. ఆ రేకులతో పళ్లాలు చేసింది, గిన్నెలు చేసింది, అంచులు పంటితో నొక్కి మడిచింది. తెగిన ముక్కలు అన్నమని బొమ్మకు పెట్టి, బొమ్మ తినకపోతే తనే తినేది. ఆయమ్మ పక్కనే కూర్చుని, “నాకూ ఓ ముద్ద పెట్టవే తల్లీ, పొద్దుట్నుంచీ పస్తు” అని నవ్వేది.

రానురాను చిలకమ్మ మాటలు తగ్గాయి. పెద్దదవుతోంది, సిగ్గొచ్చింది అనుకున్నారు ఇంట్లో. తర్వాత కడుపునొప్పి. ఆ తర్వాత, పేరడిగినా తడుముకోవడం.

“మందిస్తాం. నెత్తుట్లోది చాలావరకు దిగుతుంది.” డాక్టరమ్మ గొంతు తగ్గించింది. “తలకు పట్టింది ఎంత వెనక్కొస్తుందో చెప్పలేను పెద్దమ్మా.”

తను చెప్పిన రేకుల సంగతంతా తలుపు దగ్గర నిలబడి విన్న కూతురు ఇప్పుడు కేకలేస్తుందనుకుంది ఆయమ్మ. వేస్తే బాగుండునని కూడా అనుకుంది. కూతురు దగ్గరికొచ్చి, “ఇటివ్వమ్మా” అంది, అంతే. అమ్మ చేతుల్లోంచి పిల్లను అంత జాగ్రత్తగా ఆమె ఏనాడూ తీసుకోలేదు.

మర్నాడు ఆయమ్మ పనిలోకి వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది, పిల్లకు మందులెలా వస్తాయి? సీసా మళ్లీ సగానికొచ్చి ఉంది. కుర్చీలో ఒకావిడ నోరు తెరుచుకుని పడుకుంది. ఆయమ్మ ఆగలేక జరిగిందంతా అక్కడే చెప్పేసింది. డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు.

“ఇంటికి పట్టుకెళ్లమని నేనన్నానా ఆయమ్మా? సర్లే, అయిందేదో అయింది. ఇకనుంచి మామూలు చెత్తలో కలిపి వీధి తొట్టిలో పడేసెయ్. ఎవరితోనూ అనకు.”

“ఆ తొట్టిలో పిల్లలు ఏరుకుంటారు బాబూ.”

“ఇప్పుడా ఆ సంగతులు? ఇక్కడ మనిషి కాచుకునుంది.”

“అప్పుడు మీరన్నది నాకు సరిగ్గా వినపడలేదు. ఇది బాగానే వినపడింది. నేను పడెయ్యను.”

సీసా తెచ్చి పరికరాల పళ్లెంలో, చిన్న అద్దం పక్కన పెట్టింది. డాక్టరు దాన్ని ముట్టుకోలేదు, తీసెయ్యమనీ అనలేదు. కుర్చీలో ఆవిడ నోరు మూయడం మరిచిపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. పైనున్న దీపం ఆ నోట్లోకి వెలుగుతూనే ఉంది.