మిరపకాయ రాని కాలం

ఫిల్మ్ నగర్‌లోని ఆ ఇంటి మేడ మీదికి సినిమా కథ చర్చకి ఏడుగురొచ్చారు. ఏడుగురికీ ఉప్మా చెయ్యాలి. భువన రవ్వ వేయిస్తూనే, టేబుల్ దగ్గర చదువుకుంటున్న పన్నెండేళ్ల మనోజ్ఞ మీద ఓ కన్నేసి ఉంచింది. రేపు స్కూల్లో ఆ పిల్ల ఒక చారిత్రక నవల గురించి రాసింది చదివి వినిపించాలి. ఎంచుకున్నది నాన్న కమలాకర్ రాసిన కాకతీయుల నవలే. ముఖ్య అతిథీ ఆయనే. సినిమాగా తీస్తున్న నవలాయె, స్కూలువాళ్లు ఊరుకుంటారా!

భువన నోటుబుక్కులో రెండు గళ్లు గీయించింది. ఒకటి ‘జరిగింది’, రెండోది ‘కల్పన’. కల్పన తప్పేం కాదు, కానీ ఏది ఏదో తెలిసి చదవాలి, ప్రతి మాటనీ ‘నీకెలా తెలుసు’ అని అడగాలి అని చెప్పింది. పిల్ల గట్టిది. అరగంటలో పట్టేసింది.

“అమ్మా, ఇక్కడ రాణి పచ్చిమిరపకాయలు నూరింది. మిరపకాయని పోర్చుగీసువాళ్లు కదా తెచ్చింది? అప్పటికింకా రాలేదుగా?”

భువనకి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. చరిత్రలో ఎమ్మే చేసింది తను. లైబ్రరీల్లో కూర్చుని శాసనాలు చదివి నోట్సు రాసింది తను. నవలంతా మూడుసార్లు సాపు చేసిందీ తనే. మిరపకాయల్ని ‘మిరియాలు’ అని దిద్దితే కమలాకర్ కొట్టేసి, వంటింట్లో కూర్చుని చరిత్ర దిద్దకన్నాడు. మొగుడికి ఆమాత్రం సాయం చెయ్యని ఆడదుంటుందా, దానికి పుస్తకంలో పేరు కూడానా అంది అత్తగారు శారదాదేవి. భువన నోరు మూసుకుంది. అలా మూసుకున్నందుకు తన మీద తనకి ఇప్పటికీ కోపమే.

కాఫీ ఇంకా రాలేదేమని కమలాకర్ మెట్లు దిగొచ్చాడు. మనోజ్ఞ అప్పుడే ముందుమాట తీసింది.

“‘ఈ నవల కోసం నేను మూడేళ్లు శాసనాల మధ్య బతికాను.’ ఇది ఏ గడిలో రాయనమ్మా?”

కమలాకర్ నవ్వి కూతురి తల నిమిరాడు. “ముందుమాటకి గళ్లేంటి తల్లీ? భువనా, నువ్వు చెప్పు దానికి.”

ఇన్నేళ్లూ ఆయన చెప్పమన్నదే చెప్పింది. నిర్మాతలకి చెప్పింది, చుట్టాలకి చెప్పింది, తనకి తాను చెప్పుకుంది. ఈ పిల్లకీ అదే చెబితే, ఇక అది ఏ పుస్తకాన్నీ ఏమీ అడగదు.

భువన పొయ్యి కట్టేసింది.

“కల్పన గడిలో రాయి,” అంది. “రేపు అదే ముందు చదువు.”