మూడో పిన్నుకు ఎర్ర తీగ

ముసలితనంలో అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. ఒత్తులు తప్పితే మన్నించండి. రాయడమూ నిదానమే, ఓపిక పట్టండి.

మైక్‌సెట్టు అంజన్నకు ఆ పొద్దు లేచిన దగ్గర్నుంచీ ఎడమ కన్ను అదురుతూనే ఉంది. రిజర్వాయరు కింద తమ ఊరు మునుగుతుందా, నిలుస్తుందా అని తేల్చే సభ ఆరోజే. మైకులో పలికిందే రికార్డయి పై అధికారులకు పోతుంది. ఊరి తరఫున మాట్లాడేది అతని పెద్దమ్మ హనుమమ్మ.

బల్ల మీద రెండు మైకులు పక్కపక్కనే పెట్టమన్నారు. ఒకదానికి పాత వైరు, ఇంకోదానికి కొత్త వైరు. కొత్తదాని ఒక కొస ట్రాక్టరు కింద పడి తెగితే, అంజన్న దాని మూడు పిన్నుల మూతిని మళ్లీ సోల్డరింగ్ చేస్తున్నాడు.

"ఎర్ర తీగ రెండో పిన్నుకుండె గదా, మూడోదానికి అతుకుతున్నవేంది?" అంది భార్య మంజులత.

"నల్గొండల మా ఉస్తాదు నేర్పిన పని. ఎర్రది మూడోదానికే. నువ్వు పోయి పప్పుల ఉప్పు చూస్కో."

పాత వైర్లకు రెండు కొసలా మూడోదే. అందుకే ఇన్నేళ్లలో ఏ పెళ్లిలోనూ అతను మాట పడలేదు. కొత్తదాని అవతలి కొసన ఎర్రది రెండో పిన్నుకే ఉంది. అతను విప్పి చూడలేదు. అలా కొసలు కలవని వైరులో గొంతు తిరగబడుతుంది; విడిగా వింటే మాత్రం తెలియదు.

సభ దగ్గర ఒక్కో మైకూ విడిగా ఊది చూశాడు. రెండూ గంటల్లా మోగాయి.

హనుమమ్మ లేచింది. అతను రెండూ తెరిచాడు.

"మా తాతల్ని పూడ్చిన బొందలు గీడనే ఉన్నయి సారూ..."

ఆమె మెడ నరాలు ఉబ్బాయి. బాక్సుల్లోంచి మాత్రం దోమ చప్పుడు. ఒక మైకు తెచ్చిన గొంతును, రెండోదాంట్లో తిరగబడి వచ్చిన గొంతు మింగేస్తోంది. సౌండు పెంచితే బాక్సులు బుసకొట్టాయి గానీ మాట రాలేదు.

"అవ్వ కట్టుడు పండ్లు ఇంట్ల మర్చొచ్చింది!" వెనక ఎవరో నవ్వారు.

అంజన్న ఒక మైకు ఆపేశాడు. గొంతు పిడుగులా వచ్చింది.

"...అయ్యా, మీకు దండం."

ఆమె కూర్చుంది.

"సారూ, మళ్లొక్కసారి చెప్పనియ్యుండ్రి!" అంజన్న అరిచాడు.

"రికార్డయింది కదయ్యా. అమ్మ దండం కూడా పెట్టింది. తర్వాతి ఊరు రండి," అన్నాడు సభ నడిపే ఆఫీసరు.

"నా మాట పైకి పోయిందా బిడ్డా?" అంది హనుమమ్మ.

అంజన్న తలెత్తకుండా కొత్త వైరును మోచేతికి చుట్టసాగాడు.

రాసింది ఆ ఊరి అండాలు, అరవై ఎనిమిదేండ్లు. ఊరు మునిగినంక ఇచ్చిన కాలనీ, అచ్చంపేట దగ్గర.