చారలు తెగిన చోటు

అందరూ ఆమెను పిచ్చుక అనేవారు. కుదురుగా ఒకచోట కూర్చోదని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు అది. బావ నోటి వెంట ఆఫీసుకూ పాకింది. ఇంటి సామాన్లకు కంప్యూటర్‌లో రూపం కట్టే ఆఫీసు అది. బావ అక్కడ పదిహేనేళ్ల సీనియర్. ఆమెకు ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే, రోజూ స్కూటర్ మీద తీసుకెళ్లేదీ ఆయనే. ఉంటున్నది కూడా ఆయన ఇంట్లోనే.

ఈసారి పని కరెంటు కెటిల్. బాడీ బావ కట్టాడు, పిడి పిచ్చుక కట్టింది. రెంటినీ అతుకు తెలియకుండా కలిపే సర్ఫేస్ కూడా ఆమె వంతే. అదే మూడు రోజులుగా లొంగడం లేదు. మామూలుగా చూస్తే నున్నగానే ఉంది. పరీక్ష కోసం తెరమీద నలుపూ తెలుపూ చారలు పరిచి చూస్తే మాత్రం, పిడి మీద తిన్నగా నడిచిన చారలు బాడీ దగ్గరకు రాగానే వణికి తెగిపోతున్నాయి. రేపు వంటింట్లో దీపం కింద ఆ చోటే సొట్టలా కనిపిస్తుంది.

అంచు జరిపింది. వంపు పెంచింది. చెరిపి మళ్లీ కట్టింది. నీళ్లు తాగుదామని లేచి, తాగకుండానే వచ్చి కూర్చుంది. సోమవారమే బావను అడిగింది.

"బావా, మీ బాడీలోనే ఏదో అల ఉన్నట్టుంది. ఒకసారి చూస్తారా?"

"అల నా దాంట్లో కాదు, నీ తొందరలో ఉంది. కాస్త కుదురుగా చెయ్యి."

పక్క సీట్ల వాళ్లు నవ్వారు. పిచ్చుక మళ్లీ అడగలేదు.

బుధవారం నాలుగింటికి ఫైలు కెటిల్ అచ్చు తయారుచేసేవాళ్లకు వెళ్లాలి. మధ్యాహ్నం బావ భోజనానికి లేవగానే, బాడీ ఫైలుకు కాపీ తీసి తెరిచింది. వంపును పట్టి ఉంచే బిందువులు ఇరవై రెండున్నాయి. పిడి తగిలే వైపు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎప్పుడో హడావిడిగా సర్దినట్టున్నాడు. అదే గీత మీద ఆరు బిందువులతో కొత్తగా కట్టి, పిడిని కలిపింది. చారలు ఎక్కడా ఆగకుండా జారిపోయాయి.

సంతోషం నిమిషం కూడా నిలవలేదు. అడగకుండా ఆయన పనిలో చెయ్యి పెట్టింది. చెప్తే సాయంత్రం ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి? చెప్పకుండా పంపేస్తే, ఆయన కట్టనిది ఆయన పేరు మీద పోతుంది. కాలు కాలిన పిల్లిలా వరండాలో అటూ ఇటూ తిరిగింది. మూడున్నరకు వెళ్లి ఆయన కుర్చీ పక్కన నిలబడింది.

"బావా, మీ బాడీ మళ్లీ కట్టాను. మిమ్మల్ని అడగలేదు."

ఆయన మౌస్ లాక్కుని కెటిల్‌ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, తలకిందులు చేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంతసేపు పట్టింది?"

"ముప్పావుగంట."

"నా ఫైలు ముట్టుకునే ముందు అడగాలని తెలీదా?"

"అడిగాను. మీరు నవ్వులపాలు చేశారు."

అలా అనేస్తానని ఆమే అనుకోలేదు. ఆయన తెరవైపే చూస్తూ, బాడీ చేసినవారి గడిలో తన పేరు చెరిపి ఆమె పేరు కొట్టాడు. ఫైలు పంపేసి లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇద్దరూ స్కూటర్ మీద ఇల్లు చేరారు. తలుపు తీసిన అక్క ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏంటి, మాటలన్నీ ఆఫీసులోనే పారేసుకొచ్చారా?"

"మీ చెల్లెలు నా పని దిద్దింది," అన్నాడు బావ చెప్పులు విడుస్తూ.

"బాగా దిద్దిందా?"

ఆయన చాలాసేపు చెప్పులు సర్దాడు. "బాగానే దిద్దింది," అని లోపలికి వెళ్లాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, మంట ఎంతో తేల్చుకోలేక పిచ్చుక గుమ్మంలోనే నిలబడిపోయింది.

మర్నాడు ఆయన మామూలుగానే స్కూటర్ తీశాడు. సిగ్నల్ దగ్గర, వెనక్కి తిరగకుండానే అడిగాడు: "ఆరు బిందువులతోనే ఎలా నిలిచింది ఆ వంపు? ఆఫీసుకెళ్లాక చూపిస్తావా?"